అడుగుకి అరంగుళం

చీమకుర్తి కాటా గదిలో నా ఉద్యోగం.
లారీ ఎక్కుతుంది, ప్లేటు మూలుగుతుంది,
ఎర్ర అంకెలు కాసేపు ఊగి నిలబడతాయి.
స్లిప్పు చింపి కిటికీలోంచి ఇస్తాను.
రాయిని ఒక్కసారీ ముట్టకుండా
పదకొండేళ్లుగా దాని బరువు చెబుతున్నాను.

రాత్రి డ్యూటీలో, బండికీ బండికీ మధ్య,
బల్ల కింది అట్టపెట్టె పైకి తీస్తాను.
అందులో ఒక లారీ ఉంది,
ఇంకా సగమే.

అడుగుకి అరంగుళం. అంతే నా లెక్క.
మాలకొండయ్య బండిని టేపుతో కొలుస్తుంటే
"ఏందమ్మే, చొక్కా కుడతావా దానికి?" అన్నాడు.
టేపు నిజంగా దర్జీదే, మా అక్కది.
బంపరు నుంచి బంపరుకి రాసుకున్నాను,
నట్లు కూడా లెక్కపెట్టుకున్నాను.
ఆయన బీడీ ఆరిపోయేదాకా చూసి
"వెనక ఎడమ చక్రానికి ఒకటి తక్కువుంటది, చూసుకో" అన్నాడు.

క్యాబిన్ సన్‌బోర్డుతో నాలుగు రాత్రుల్లో లేచింది.
టైర్లకి మూడు జతల హవాయి చెప్పులు పోయాయి.
ఒక్కో టైరుకి ముప్పై రెండు గాట్లు,
పదో టైరు దగ్గర బ్లేడు వేల్లో దిగింది.
ఆ టైరు మీద ఎర్రటి మరక అట్లాగే ఉంచాను.
రోడ్డు మీద ఏ టైరుకి ఏం అంటుకుందో
ఎవరు అడుగుతారు గనక.

దుమ్ము దగ్గర ఓడిపోయాను.
కిటికీ గట్టు మీది దుమ్మే తీసి చల్లితే
చిన్న బండి మీద అది కంకర పోసినట్టుంది.
పాలిష్ ఫ్యాక్టరీ బురద ఎండబెట్టి
పాత వాయిలు చీరలో వడగట్టి, మళ్లీ వడగట్టి,
చివరికి ఊపిరితో ఊదాను.
అప్పుడు కూర్చుంది, మా ఊరి దుమ్ములా.

నిజం బండి ఖాళీగా పది టన్నులు.
పొడవు ఇరవై నాలుగో వంతైతే
బరువూ అంతేననుకున్నాను, తెలివితక్కువదాన్ని.
పొడవుకోసారి, వెడల్పుకోసారి, ఎత్తుకోసారి,
ముమ్మారు భాగించాలి.
ఏడు వందల ఇరవై గ్రాములు రావాలి.
కిరాణా కొట్టు తక్కెట్లో పెడితే నూట తొంభై.
కాటా మనిషి ఇంట్లో దొంగ తూకం!
కొత్తపట్నం నుంచి వలల సీసపు గుళ్లు తెప్పించి
ఛాసిస్ కింద ఒక్కొక్కటీ అతికించాను,
ముల్లు సరిగ్గా నిలబడేదాకా.

ఆఖరికి రాయి.
కోత మిషను మస్తాన్‌వలి అంచు ముక్క కోసిచ్చాడు,
కేజీ మూడు వందలు, ముమ్మారు భాగించినా సరిపోయింది.
గీతలేదు, రంగులేదు, అసలు రాయే.
కానీ ఆ నల్లటి దాంట్లో బంగారు చుక్కలు
చిన్నవి కానన్నాయి.
ఈ కొలతలో ఒక్కోటీ అరచేతంత.
రెండ్రోజులు దాన్ని తిప్పితిప్పి చూశాను.
మిగతా అంతా నా మాట విని తగ్గింది.
ఇది వినలేదు.
సరే, ఉండనీ.

తెల్లవారుజాము మూడింటికి మాలకొండయ్య వచ్చాడు.
"అద్దం కింద సొట్ట ఏదీ?
కృష్ణపట్నం పోర్టు గేటు కొట్టింది కదా."
చెంచా కాల్చి అక్కడ నొక్కాను.
వేలు పెట్టి తడిమి, తలూపి,
కిటికీలోంచి లోపలికి తొంగిచూశాడు.
"సీట్లో ఎవురూ లేరే."

"నువ్వు నిలబడితే మూడంగుళాల్లోపే" అన్నాను.
"తూకానికి?"
"ఐదు గ్రాములు."
గట్టిగా నవ్వాడు, దగ్గొచ్చేదాకా.
"ఐదు గ్రాములకి ఓవర్‌లోడు రాయవుగా" అని
బండెక్కి ప్లేటు మీదికి తెచ్చాడు.

ఖాళీ తూకానికి డ్రైవరు కిందికి దిగాడా,
నిండు తూకానికి లోపలే ఉన్నాడా,
స్లిప్పులో దానికి గడి లేదు.
పదకొండేళ్లలో ఎన్ని వందలసార్లు
ఈ మనిషిని రాయి కింద రాసేశానో.

అగ్గిపుల్ల ఒకటి తీసుకుని
తల గిల్లేశాను, కాళ్ల కోసం చీల్చాను.
బయట హారన్ కొడుతున్నాడు.
ఎర్ర అంకెలు ఇంకా ఊగుతున్నాయి.